జైసల్మేర్ వెళితే ఖడీన్ కూడా చూసి రండి

రాజస్థాన్‌లోని జైసల్మేర్‌కి టూర్ వెళ్లేవాళ్లు పసుపురాతి కోట, హవేలీల చెక్కడాలు, మాంగణియార్ల పాట, ఇసుక తిన్నెల మీద ఒంటె సవారీ చూసి వచ్చేస్తారు. మనం చూడాల్సింది ఇంకొకటుంది.

1156లో రావల్ జైసల్ కట్టించిన ఊరది. ఒంటెల మీద సాగే సరుకుల వ్యాపారంతో పెరిగింది. మరి తిండిగింజలో? ఏడాదికి 200 మి.మీ. వాన కూడా సరిగా పడని ఆ నేలలో పాలీవాల్ బ్రాహ్మణులు గోధుమ, శనగ పండించారు. బోరు లేదు, కాలువ లేదు. రాతి వాలు మీద పడ్డ వాన పారొచ్చే పల్లంలో అడ్డంగా మట్టికట్ట వేశారు. నీళ్లు అక్కడే నిలిచి ఇంకుతాయి, ఒండ్రు పడుతుంది. ఎక్కువైన నీళ్లు పోవడానికి అలుగు ఉంటుంది. వానలు వెళ్లాక ఆ పదును మీదే రబీ పంట వేస్తారు. దీన్నే ఖడీన్ అంటారు.

కులధరా లాంటి వాళ్ల ఊళ్లు 19వ శతాబ్దంలో ఖాళీ అయ్యాయి. దివాన్ సాలిం సింగ్ పన్నుల బాధ తట్టుకోలేకే వెళ్లిపోయారని అక్కడ చెప్పుకుంటారు. రైతులు పోయారు గానీ, ఖడీన్ సాగు ఇప్పటికీ ఆ జిల్లాలో ఉంది.

మన అనంతపురంలో వాన అంతకు రెట్టింపు పైనే. మరి మన చేలో పడ్డ వాన ఎక్కడికి పోతోందన్నా? తొలకరికి ముందే ఒకసారి గట్లు చూసుకోండి.