కొత్త విమానం ఎప్పుడొస్తుంది?



శనివారం రాత్రి మన ఇళ్ళల్లో నలుగురు చేరితే మాట్లాడుకునే విషయాలు కొన్ని ఉన్నాయి. వీసాలు, పిల్లల చదువులు, ఊళ్ళో స్థలాల ధరలు. వాటి తర్వాత వచ్చేది విమానాల సంగతి. "ఎయిర్ ఇండియా వాళ్ళు పెద్ద విమానాలు కొంటున్నారట, ఇంక హైదరాబాద్ నుంచి నేరుగా వచ్చేయొచ్చట" అని ఎవరో ఒకరు మొదలుపెడతారు. "నేనొచ్చిన కొత్తలో కూడా ఈ మాటే విన్నాను లెండి" అని పక్కనున్న పెద్దాయన నవ్వేస్తారు. నాకేమో ఇద్దరి మాటా నిజమే అనిపిస్తుంది. ఎందుకు అలా అనిపిస్తుందో చెప్పాలంటే కాస్త చరిత్ర చెప్పాలి.

దానికి ముందు మా ఇంటి సంగతి ఒకటి. మా అమ్మ మొదటిసారి ఒంటరిగా ఇక్కడికి వచ్చినప్పుడు, మీలో చాలామంది చేసిన పనే మేమూ చేశాం. ఒక కాగితం మీద "నాకు తెలుగు మాత్రమే వచ్చు, దయచేసి నన్ను ఈ గేటు దగ్గరికి తీసుకెళ్ళండి" అని ఇంగ్లీషులో పెద్ద పెద్ద అక్షరాలతో రాసి చేతికిచ్చాం. మధ్యలో విమానం మారాల్సిన ఊళ్ళో ఆవిడ ఏడు గంటలు ఒకే కుర్చీలో కూర్చుంది. మంచినీళ్ళు కూడా తాగలేదు. "లేచి వెళ్తే, వీల్‌చైర్ అబ్బాయి వచ్చి చూసి నేను లేనని వెళ్ళిపోతాడేమోనని భయమేసిందిరా" అంది. అప్పటినుంచి, ఫలానా సంస్థ దూరప్రయాణాల విమానాలు మారుస్తోంది అన్న వార్త వస్తే నాకు ఆ కుర్చీయే గుర్తొస్తుంది.

ఇక చరిత్రలోకి వద్దాం. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి బొంబాయికి ఒక చిన్న పుస్ మాత్ విమానంలో ఉత్తరాల సంచులు తెచ్చారు. టాటా ఎయిర్‌లైన్స్ అలా మొదలైంది. 1946లో దాని పేరు ఎయిర్ ఇండియాగా మారింది. స్వతంత్రం వచ్చాక ప్రభుత్వంతో కలిసి ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్ పెట్టారు. 1948 జూన్ 8న 'మలబార్ ప్రిన్సెస్' అనే కాన్‌స్టెలేషన్ విమానం బొంబాయిలో బయల్దేరి కైరో, జెనీవాల మీదుగా లండన్ వెళ్ళింది. మన దూరప్రయాణాల కథకి అది మొదటి పేజీ.

ఇదే కాలంలో మన హైదరాబాదులో బేగంపేట కేంద్రంగా డెక్కన్ ఎయిర్‌వేస్ ఉండేది. నిజాం ప్రభుత్వానిదీ టాటాలదీ ఉమ్మడి సంస్థ. 1953లో విమాన సంస్థలన్నిటినీ జాతీయం చేశారు. డెక్కన్ ఎయిర్‌వేస్ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. అక్కడొక గీత పడింది. దేశం లోపల తిరిగేది ఇండియన్ ఎయిర్‌లైన్స్, విదేశాలకి వెళ్ళేది ఎయిర్ ఇండియా. ఆ గీత వల్ల హైదరాబాదు మనిషి ఒక సంస్థ విమానంలో బొంబాయి చేరి, పెట్టెలన్నీ దింపుకుని, వేరే టెర్మినల్‌కి వెళ్ళి, ఇంకో సంస్థ విమానం ఎక్కాల్సి వచ్చేది. 1970లలో అమెరికా వచ్చిన మన డాక్టర్లు, ఇంజనీర్లు ఆ పెట్టెల కథలు ఇప్పటికీ చెబుతారు.

అయితే ఆ రోజుల్లో ఎయిర్ ఇండియా అంటే ప్రపంచానికే గౌరవం. 1960లో బోయింగ్ 707 జెట్ విమానాలు కొన్నారు. ఆ ఏడు మే నెలలో న్యూయార్క్ సర్వీసు మొదలైంది. 1962 నాటికి పాత పంకా విమానాలన్నీ తీసేసి, అన్నీ జెట్ విమానాలే ఉన్న మొదటి ఎయిర్‌లైన్‌గా పేరు తెచ్చుకుంది. 1971లో మొదటి జంబో, బోయింగ్ 747 'ఎంపరర్ అశోక' వచ్చింది. కిటికీల చుట్టూ రాజస్థానీ జరోఖాల్లాగా ఎర్రరంగు వేయించారు. కొత్త రకం విమానం మార్కెట్లోకి వచ్చిన ఏడాది రెండేళ్ళలోనే మన దగ్గర ఉండేది.

కన్నీళ్ళూ ఉన్నాయి. ఆ 'ఎంపరర్ అశోక'యే 1978 జనవరి 1న బొంబాయి తీరంలో సముద్రంలో కూలి 213 మంది పోయారు. 1985 జూన్ 23న 'కనిష్క'ని బాంబుతో పేల్చేసినప్పుడు 329 మంది పోయారు.

గల్ఫ్‌లో ఉన్న శ్రోతలకి 1990 సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చాక, మనవాళ్ళు ఎడారి దాటి జోర్డాన్ చేరితే, అమ్మాన్ నుంచి 488 సర్వీసులు నడిపి లక్షా పదివేల మందికి పైగా జనాన్ని ఇంటికి చేర్చారు. గోదావరి జిల్లాల వాళ్ళు, కడప వాళ్ళు ఎందరో అందులో ఉన్నారు. కష్టకాలంలో దేశానికి సొంత పెద్ద విమానాలు ఉండటం అంటే ఏమిటో ఆ రెండు నెలల్లో తెలిసింది. 2020లో కరోనా మూలంగా దారులన్నీ మూసుకుపోయినప్పుడు ఇంకోసారి తెలిసింది.

1993 నుంచి కొన్ని 747-400 విమానాలు వచ్చాయి. వాటి తర్వాత దాదాపు పదేళ్ళపాటు కొత్త కొనుగోలు లేదు. అద్దె విమానాలతో నెట్టుకొచ్చారు. సరిగ్గా మన ఐటీ పిల్లలు వేలకొద్దీ అమెరికా వచ్చిన కాలం అది. ప్రయాణికులు మనవాళ్ళు, విమానాలు మాత్రం యూరప్ వాళ్ళవి, తర్వాత గల్ఫ్ వాళ్ళవి. "కొత్త విమానాలు కొంటారట" అన్న మాట మన పార్టీల్లో వినపడటం అప్పుడే మొదలైంది.

2004 జనవరిలో 28 విమానాలు కొందామనుకున్నారు. ప్రభుత్వం మారింది, లెక్క మారింది, ఏడాది తిరిగేలోపల అది 68 అయింది. 2006 జనవరిలో బోయింగ్‌తో ఒప్పందాన్ని ప్రకటించారు. ఎనిమిది 777-200ఎల్ఆర్, పదిహేను 777-300ఇఆర్, ఇరవై ఏడు 787 డ్రీమ్‌లైనర్లు, తక్కువ ధరల సర్వీసులకి పద్దెనిమిది 737లు. 2007లో ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ రెండింటినీ కలిపేశారు. 1953లో పడ్డ గీత యాభై నాలుగేళ్ళకి చెరిగింది. కానీ అప్పు, నష్టం రెండూ కలిసే వచ్చాయి. కొనుగోలంతా దాదాపు అప్పు మీదే జరిగిందని కాగ్ 2011లో గట్టిగా తప్పుపట్టింది.

ఈ 777-200ఎల్ఆర్ గురించి కొంచెం ఆగి చెప్పాలి. ఆ రోజుల్లో ప్రపంచంలో అన్నిటికంటే దూరం ఆగకుండా వెళ్ళగల ప్రయాణికుల విమానం అదే. 2005 నవంబరులో బోయింగ్ వాళ్ళు హాంగ్‌కాంగ్ నుంచి లండన్‌కి దగ్గరదారి వదిలేసి, తూర్పుగా పసిఫిక్, అమెరికా, అట్లాంటిక్ అన్నీ దాటించి 21,602 కిలోమీటర్లు ఆపకుండా నడిపారు. ఎయిర్ ఇండియాకి 2007 జూలైలో అందిన మొట్టమొదటి 777-200ఎల్ఆర్ పేరేమిటో తెలుసా? 'ఆంధ్రప్రదేశ్'. విమానాలకి రాష్ట్రాల పేర్లు అక్షరక్రమంలో పెడుతూ వచ్చారు కాబట్టి మనది ముందొచ్చింది. ఆగస్టు 1న బొంబాయి నుంచి న్యూయార్క్‌కి ఆగకుండా వెళ్ళే సర్వీసు మొదలైంది. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం తెరిచారు. పొడవైన రన్‌వే ఉంది, విమానం ఉంది, ప్రయాణికులు ఉన్నారు. ఇంకేం కావాలి అనుకున్నాం.

లెక్క కుదరలేదు. అంత దూరం వెళ్ళే విమానం మోసే బరువులో పెద్ద భాగం ఇంధనమే. మొదటి గంటల్లో తగలేసే ఇంధనంలో కొంత, చివరి గంటలకి కావలసిన ఇంధనాన్ని మొయ్యడానికే పోతుంది. పైగా సీట్లు 238. 2008లో చమురు ధర చుక్కలంటింది. చివరికి 2013-14లో ఆ ఎనిమిదింట్లో ఐదింటిని అబుధాబీ వాళ్ళ ఎతిహాద్‌కి అమ్మేశారు. 'ఆంధ్రప్రదేశ్' కూడా వెళ్ళిపోయింది. మన పేరు రాసుకున్న విమానం రంగు మార్చుకుని పక్కదేశపు కొలువులో చేరింది.

2021 జనవరి 15న హైదరాబాద్ నుంచి షికాగోకి నేరుగా సర్వీసు మొదలైంది. వారానికి ఒక్కటే. నడిపింది మిగిలిన ఆ 777-200ఎల్ఆర్‌లతోనే. ఆ ఏడు వాళ్ళ అమ్మానాన్నల్ని ఒక్కచోట ఎక్కించి, ఒక్కచోట దింపుకున్న వాళ్ళు ఎంత సంబరపడ్డారో నేను చూశాను. కానీ చేతిలో ఉన్నవి మూడే విమానాలు. వాటితో శాన్‌ఫ్రాన్సిస్కో నడపాలి, బెంగళూరు నడపాలి. ఒకటి మరమ్మతుకి వెళ్తే ఇంకో ఊరి సర్వీసు ఆగాలి. షికాగో సర్వీసు ఎక్కువకాలం నిలవలేదు. ఆ తర్వాత 2022 సెప్టెంబరులో సంస్థ ఒక ప్రకటన చేసింది. ఐదు 777-200ఎల్ఆర్ విమానాలు అద్దెకి తెస్తున్నారట. అమ్మినవి ఐదు, అద్దెకి తెచ్చినవి ఐదు. అవి డెల్టా వాడి పక్కనపెట్టిన విమానాలు.

డ్రీమ్‌లైనర్ కథ ఇంకోలా నడిచింది. మొదటిది 2008లో రావాలి. తయారీలో ఇబ్బందుల వల్ల 2012 సెప్టెంబరులో వచ్చింది. నాలుగు నెలలకే బ్యాటరీల సమస్యతో ప్రపంచమంతటా ఆ విమానాలన్నిటినీ కొన్ని నెలలు ఆపేశారు. ఇరవై ఏడో విమానం చేరేసరికి 2017 అయింది. అంటే సంతకం పెట్టిన నాడు పుట్టిన పిల్ల, చివరి విమానం వచ్చే నాటికి హైస్కూలుకి వెళ్తోంది.

2021 అక్టోబరులో ఎయిర్ ఇండియా మళ్ళీ టాటాల చేతికి వెళ్తుందని తేలింది. 2022 జనవరి 27న అప్పగింత జరిగింది. ఆ ఏడాదంతా ఊహాగానాలే. రెండొందలంటారు, మూడొందలంటారు, డిసెంబరుకి ఐదొందలన్నారు. 2023 ఫిబ్రవరి 14న అసలు సంఖ్య బయటికొచ్చింది: 470. అందులో మన దూరప్రయాణాలకి పనికొచ్చేవి 70 మాత్రమే. నలభై ఎయిర్‌బస్ ఎ350లు, ఇరవై బోయింగ్ 787-9లు, పది 777-9లు. మిగతా నాలుగొందలూ దేశంలోనూ చుట్టుపక్కలా తిరిగే చిన్నవి. పత్రికల్లో 470 చూసి సంబరపడిన వాళ్ళు ఈ తేడా గమనించలేదు. 2024 డిసెంబరులో ఇంకో వంద కలిపారు. అందులోనూ పెద్దవి పదే.

మొదటి ఎ350 పదినెలలకే, 2023 డిసెంబరులో ఢిల్లీలో దిగింది. అంత తొందరగా ఎలా వచ్చిందంటారా? అది రష్యా వాళ్ళ ఏరోఫ్లోట్ కోసం తయారైనది. ఆంక్షల వల్ల అక్కడికి వెళ్ళలేక మనకి దక్కింది. ఇంకొకరి వరసలో మనకి చోటు దొరికిందన్నమాట. మన సొంత వరసలో నిలబడితే ఆలస్యం తప్పదు. 777-9 సంగతే చూడండి. మొదట 2020కి ఇస్తామన్న ఆ రకం విమానాన్ని 2027కి వాయిదా వేస్తున్నట్టు బోయింగ్ 2025 అక్టోబరులో చెప్పింది.

2025 మనందరికీ బరువైన ఏడాది. జూన్ 12న అహ్మదాబాద్‌లో లండన్ బయల్దేరిన 787 కూలి, విమానంలోని 242 మందిలో ఒక్కరే బతికారు. నేల మీద ఇంకో 19 మంది పోయారు. దాని కారణాల మీద ఇక్కడ కూర్చుని ఊహలు చెప్పడం ఆ కుటుంబాలకి మర్యాద కాదు. అంతకుముందే ఏప్రిల్‌లో పాకిస్తాన్ గగనతలం మూసుకుపోయి ప్రయాణాలు పొడవయ్యాయి. మిగిలిన ఇరవై ఆరు పాత 787లకి లోపలి సీట్లు మార్చే పని కూడా మొదలైంది. సెప్టెంబరులో ఢిల్లీ-వాషింగ్టన్ సర్వీసు ఆపేసినప్పుడు సంస్థ చెప్పిన కారణాలు ఈ చివరి రెండే. ఇల్లు బాగు చేయించుకునేటప్పుడు కొన్నాళ్ళు వంటగది మూసెయ్యాల్సి వస్తుంది కదా, అలాంటిదే ఇదీ.

కాబట్టి ఈసారి ఎవరైనా "కొత్త విమానాలు వస్తున్నాయట" అంటే నవ్వెయ్యకండి, పొంగిపోకండి. నాలుగు ప్రశ్నలు వెయ్యండి. అది ఊహా, సంతకమైన ఒప్పందమా? మొత్తంలో పెద్ద విమానాలెన్ని? మొదటిది ఏ ఏడాది వస్తుంది, చివరిది ఏ ఏడాది? అవి పాతవాటి స్థానంలో వస్తున్నాయా, కొత్త ఊళ్ళకా? ఈ నాలుగో ప్రశ్నే మనకి ముఖ్యం. హైదరాబాద్, విజయవాడ, విశాఖ వాళ్ళకి నేరుగా విమానం రావాలంటే పాతవి మార్చినంత మాత్రాన సరిపోదు, మిగులు కావాలి. 2021లో మనకి లేకపోయింది ఆ మిగులే.

2024 ఏప్రిల్‌లో ఎయిర్ ఇండియా చివరి జంబో 'ఆగ్రా' ముంబై నుంచి బయల్దేరింది. ముక్కలు చెయ్యడానికి పంపారు. పైకి లేచాక పైలట్ రెక్కలు అటూ ఇటూ ఊపి వీడ్కోలు చెప్పాడు. ఆ రకం విమానాల్లోనే మనలో ఎంతోమంది మొదటిసారి దేశం దాటాం. దాన్ని చూసి కళ్ళు చెమర్చాయంటే అబద్ధం కాదు.

మా అమ్మ ఇప్పుడు ప్రయాణాలు మానేసింది. కానీ మీ ఇళ్ళల్లో ఈ ఎండాకాలం టిక్కెట్లు కొనేవాళ్ళు ఉన్నారు. మధ్యలో దిగే ఊళ్ళో కనీసం మూడు గంటల వ్యవధి ఉండేలా చూడండి. వీల్‌చైర్ ముందే చెప్పి పెట్టండి. ఆ కాగితం మీద ఇంకో వాక్యం తెలుగులో రాయండి: "అమ్మా, లేచి నీళ్ళు తాగు, నీ కుర్చీ ఎక్కడికీ పోదు."