బంజరు కాని బరెన్

ఐర్లండ్ అనగానే అందరికీ పచ్చదనం గుర్తొస్తుంది. పడమటి తీరాన క్లేర్ కౌంటీలోని బరెన్‌కి వెళ్తే మాత్రం మన తాండూరు బండల గనుల్లోకి వచ్చామా అనిపిస్తుంది. కొండ మొదలు నుంచి కొన దాకా బూడిదరంగు సున్నపురాయే. కురిసిన వానంతా పగుళ్ళలోంచి నేల కిందికి దిగిపోతుంది. వానలకు కొదవలేని ఎడారి అన్నమాట. ఐరిష్‌లో ‘బోరన్’ అంటే రాళ్ళ చోటు. ఇంగ్లీషులో బంజరుకు వాడే ‘బ్యారెన్’లా వినిపిస్తుంది గానీ, రెంటికీ చుట్టరికం లేదు.

మొన్న డిసెంబరులో ఒక పగలంతా అక్కడ నడిచాను. స్లీవ్ కారన్ కొండ దగ్గర గ్లెన్ ఆఫ్ క్లాబ్ అనే ఇరుకు లోయ ఉంది. ఒకప్పటి గుహ పైకప్పు కూలి ఏర్పడిందంటారు. తడిసిన బండల మీద శిలాజాలు బాగా కనిపిస్తాయి: పగడాల గూళ్ళు, గవ్వలు, సముద్రలిల్లి అనే ప్రాణి కాడ విరిగి మిగిలిన గుండ్రటి బిళ్ళలు. సుమారు 33 కోట్ల ఏళ్ళ కిందట, ఈ నేల భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్నప్పుడు, ఇదంతా వెచ్చని సముద్రపు అడుగు.

అయితే సముద్రం పోయిన నాటి నుంచీ ఇది ఇలాగే బోడిగా లేదు. మంచుయుగం తర్వాత ఇక్కడ పైన్, హేజెల్ చెట్లు పెరిగాయి. ఆరువేల ఏళ్ళ కిందట వచ్చిన తొలి రైతులు, వాళ్ళ తర్వాతివాళ్ళు చెట్లు కొట్టి పశువుల్ని మేపారు. పలుచటి మట్టి క్రమంగా పగుళ్ళలోకి జారిపోయింది.

ఆ తొలి రైతుల సమాధి పూల్నబ్రోన్‌లో ఉంది. నిలువు బండల మీద పెద్ద పలక, అచ్చం మన రాక్షసగుళ్ళ లాగే. 1986, 1988లలో ఆన్ లించ్ జరిపిన తవ్వకాల్లో ముప్పైమందికి పైగా మనుషుల ఎముకలు దొరికాయి. వాటిలో ఒకటి ఆరు నెలల మగబిడ్డది. ఆ బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉండేదని 2020లో జన్యు పరీక్షల్లో తేలింది. తల్లిపాలు తాగాడని ఎముకల రసాయన పరీక్ష సూచించింది. చనిపోయాక ఊరి పెద్దల పక్కనే చోటిచ్చారు.

1651లో ఇటు వచ్చిన క్రామ్వెల్ సేనాని ఎడ్మండ్ లడ్లోకి ఇక్కడ చెట్టూ నీరూ మట్టీ లేకపోవడమే కొట్టొచ్చినట్టు కనిపించింది. తర్వాతి రెండు మూడేళ్ళలో కాథలిక్ భూస్వాముల పొలాలు లాక్కుని, వాళ్ళను షానన్ నదికి పడమట క్లేర్, కొనాట్ ప్రాంతాలకు పొమ్మన్నారు. అయితే ఇక్కడి పశువులు బాగా బలిసి ఉన్నాయని కూడా లడ్లోయే రాశాడు.

దానికి కారణం ఇప్పటికీ కొండమీద చూడొచ్చు. వేరేచోట్ల చలికాలం రాగానే పశువుల్ని కొండ దింపుతారు, ఇక్కడ ఎక్కిస్తారు. ఎండాకాలపు వేడిని దాచుకున్న రాయి నెమ్మదిగా వదులుతుంది. కాళ్ళ కింద బురద ఉండదు. అవి ముదురు గడ్డి తినేస్తేనే వసంతంలో నీలి జెన్షియన్ పూలకు వెలుతురు దొరుకుతుంది. మేపడం తగ్గిన చోట హేజెల్ పొదలు కమ్మేశాయి. అందుకే 2005లో బరెన్‌లైఫ్ ప్రాజెక్టు రైతులతో కలిసి ఈ పాత అలవాటును నిలబెట్టే పని మొదలుపెట్టింది.

మన రెవెన్యూ రికార్డుల్లోనూ బంజరనీ పోరంబోకనీ రాసిన నేలలు బోలెడు. అలా రాసిన చోట ఎవరి మేకలు మేస్తున్నాయో, ఎవరి పెద్దల్ని పూడ్చారో ఆ గడిలో ఉండదు.