కాలం దాటిన ప్రేమకథలు: మారిన మనుషులు

చెన్నైకి ఉత్తరాన ఉన్న మనలి పేరు చెప్పగానే నేడు అందరికీ గుర్తుకు వచ్చేది చమురుశుద్ధి కర్మాగారం. 1965లో ఏర్పడిన మద్రాస్ రిఫైనరీస్ సంస్థ 1969లో అక్కడ ఉత్పత్తి ప్రారంభించింది. పద్దెనిమిదవ శతాబ్దిలో ఈ ఊరిపేరుకు వేరే ప్రసిద్ధి ఉండేది. గవర్నరు పిగట్ వద్ద దుబాసీగా ఉన్న ముత్తుకృష్ణ మొదలియారును లోకం ‘మనలి’ వారుగానే ఎరుగును. చెన్నకేశవ, చెన్నమల్లీశ్వర ఆలయాల పునర్నిర్మాణానికి ఆయన ధనం వెచ్చించాడు. ‘రామనాటకం’ రచించిన అరుణాచల కవిని ఆదరించాడు. మనలి పక్కనే ఉన్న తిరువొత్తియూరులో త్రిపురసుందరిపై త్యాగరాజు తెలుగు కృతులు రచించాడు.

ఆ దుబాసీయే నేడు మనలికి తిరిగి వస్తే? పొగగొట్టాలను చూసి ఆశ్చర్యపోతాడు. అంతకంటే, ఇక్కడి మనుషులు దేనికి విలువ ఇస్తున్నారో తెలియక తికమకపడతాడు. కాలయాత్ర కథలకు బీజం ఈ తికమకే. యంత్రం వాహనం మాత్రమే.

కాలయాత్ర అనగానే 1895లో వెలువడిన హెచ్.జి. వెల్స్ నవలను తలచుకుంటాం. కాని పదహారవ శతాబ్దిలోనే పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’లో కాలాన్ని ముందువెనుకలు చేసి ప్రేమకథ నడిపాడు. బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథ తరువాత నిజంగా జరుగుతుంది. ద్వారకలోని కలభాషిణి నలకూబరుని వలచింది. నారదుని శిష్యుడు మణికంధరుడు సంగీతాన్నీ తపస్సునూ నమ్ముకున్నవాడు. మరుజన్మలో ఆమె మధురలాలస, అతడు కళాపూర్ణుడు, ఇద్దరూ దంపతులవుతారు. ఒక జన్మలో ప్రాణప్రదమైన కోరిక మరొక జన్మలో ఆ రూపంలో మిగలలేదు. అయితే మధురలాలస పసితనంలోనే తన పూర్వజన్మ వృత్తాంతం చెబుతుంది. ఇక్కడ జన్మే కాలయాత్రకు వాహనం.

1991లో సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో వచ్చిన ‘ఆదిత్య 369’ చిత్రంలో ప్రేమికులు యంత్రమెక్కి 1526 నాటి శ్రీకృష్ణదేవరాయల కొలువుకు, ఆపైన 2504వ సంవత్సరానికి వెళతారు. అందులో రాయలనాటి వజ్రం ఒకటి ఉంది. ఆనాడు అది రాజ్యవైభవానికి గుర్తు. మన కాలంలో ప్రదర్శనశాలలోని వస్తువు, దొంగ దృష్టిలో సొత్తు. వజ్రం మారలేదు, చూసేవారి దృష్టి మారింది.

ఇతర రాష్ట్రాల్లో పెరిగిన తెలుగు విద్యార్థికి ఇది సాహిత్యచర్చతో ముగిసే విషయం కాదు. ఇంట్లో తాతగారు పద్యం కంఠస్థం చేయడానికి వెచ్చించిన పొద్దును మనుమడు ఉద్యోగపరీక్షకు వెచ్చిస్తున్నాడు. తాతగారిది చాదస్తమనీ, మనుమడిది మరపు అనీ తీర్పు చెప్పడం తేలిక. ఎవరి కాలంలో వారికి ఏది అవసరమైందో అడగడం చరిత్ర విద్యార్థి పని.

సూరన కావ్యం నుంచి మనం గ్రహించవలసింది మరొకటి ఉంది. కోరిక మారినా మధురలాలస తన గతాన్ని చెప్పగలిగింది. అందువల్లనే రెండు జన్మలు ఒకే కథ అయ్యాయి. ప్రాధాన్యాలు మారడంలో తప్పు లేదు. ఏవి మారాయో మన భాషలో మనం చెప్పుకోలేని నాడు, తాతగారి కథ ఒకటి, మనుమడి కథ వేరొకటి అయిపోతాయి.