బొమ్మ అందరికీ, మాట ఒక్కరికే

పెళ్లిలో చదివింపులుగా వచ్చిన డబ్బు అది. సోఫా కొనుక్కోమని ఇచ్చిన 200 డాలర్లు. అమెరికాలోని మిల్వాకీ నగరానికి చెందిన జాన్ కాస్ సోఫా కొనలేదు. టీవీలు కొన్నాడు. 1953లో వాటిని ఆస్పత్రుల్లో మంచాన పడి ఉన్న రోగులకు అద్దెకివ్వడం మొదలుపెట్టాడు.

అయిదేళ్లు తిరిగేసరికి, ఇంజినీరు మార్టిన్ లాంగేతో కలిసి మిల్వాకీలోనే జరిగిన ఒక హై-ఫై ప్రదర్శనకు స్టీరియో రికార్డు ప్లేయర్ పట్టుకెళ్లాడు. స్టీరియో అంటే ఏమిటో చెవికి తెలియడానికి పక్కనే ఒక జత హెడ్‌ఫోన్లు పెట్టారు. వచ్చినవాళ్లు ప్లేయర్‌ను వదిలేసి హెడ్‌ఫోన్ల చుట్టూ మూగారు. ఎస్‌పీ-3 అని పేరు పెట్టిన ఆ జతతో, ఇంట్లో కూర్చుని సంగీతం వినడానికి హెడ్‌ఫోన్ కొనుక్కునే రోజులు వచ్చాయి. అప్పటి యాంప్లిఫయర్లలో చాలావాటికి హెడ్‌ఫోన్ తగిలించుకునే జాకే లేదు. దాంతో స్పీకరు తీగలకు కలుపుకునే చిన్న పెట్టెను కూడా కాస్ అమ్మాల్సి వచ్చింది.

ఆస్పత్రి టీవీల నుంచే హెడ్‌ఫోన్ పుట్టిందని చెప్పలేం. కానీ ఆ రెండూ ఒకే మనిషి చేతిలో పడటం చూస్తే, నేటికీ మన ఇళ్లలో తెగని ఒక పేచీ గుర్తుకొస్తుంది. టీవీ ఒక్కటే. చూసేవాళ్లు నలుగురు. అందరి చెవులూ ఒక్కలా ఉండవు. నాన్నమ్మకు సరిపోయేంత సౌండు పెడితే, పక్క గదిలో ఇంటర్ పరీక్షలకు చదివే మనవడు తలుపు వేసుకుంటాడు. తగ్గిస్తే ఆమె ప్రతి డైలాగుకూ ‘ఏమన్నాడ్రా వాడు?’ అని అడుగుతుంది. రెండోసారి అడిగితే విసుక్కుంటారేమోనని కొన్నాళ్లకు అడగడం మానేస్తుంది. తీగ లేకుండా ఒక్కరి చెవికే టీవీ మాటను చేర్చే పరికరాన్ని చాలామంది విలాస వస్తువుగా చూస్తారు. దాని చరిత్ర చూస్తే మాత్రం, అందులో చాలా మలుపుల దగ్గర వినికిడి తగ్గినవాళ్లే కనిపిస్తారు.

రేడియో తొలినాళ్లలో పేచీ ఇందుకు సరిగ్గా తిరగబడి ఉండేది. యూటా రాష్ట్రానికి చెందిన నథానియల్ బాల్డ్‌విన్ 1910లో తన వంటింట్లో తయారుచేసిన హెడ్‌ఫోన్లను అమెరికా నౌకాదళానికి పంపాడు. వాళ్లు వంద కావాలన్నారు. వంటింట్లో ఒక్కో విడతకు పది మించి చెయ్యలేనని ఆయన జవాబిచ్చాడు. పదేళ్లకు ఇళ్లలోకి వచ్చిన క్రిస్టల్ రేడియోలకు స్పీకరు లేదు, హెడ్‌ఫోనే గతి. ఇల్లంతా వినాలంటే ఆ జతను పింగాణీ గిన్నెలో పడేసి, గిన్నె మోతకు చుట్టూ చెవులు ఒగ్గేవారు. శబ్దాన్ని నలుగురికీ పంచడం ఎలాగన్నదే అప్పటి తంటా.

టీవీ వచ్చేనాటికి ఆ తంటా తీరిపోయింది. టీవీ పుట్టుకతోనే పదిమందిది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా మన దేశంలో జరిగిన ‘సైట్’ ప్రయోగంలో ఆరు రాష్ట్రాలకు చెందిన సుమారు 2,400 పల్లెల్లో టీవీలు పెట్టారు. వాటిలో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. ఊరంతా ఒక్క పెట్టె ముందు కూర్చుని వింటున్న ఆ రోజుల్లో, ఒక్కరికే వినిపించాలన్న ఆలోచన మన దగ్గర ఎవరికి వస్తుంది?

ఇంగ్లండులో ఆ ఆలోచన అప్పటికే పాతబడింది. రష్యా నుంచి వలస వచ్చి లండన్‌లో మల్టీటోన్ అనే వినికిడి యంత్రాల కంపెనీ పెట్టిన జోసెఫ్ పోలియాకాఫ్ 1937లో ఒక పేటెంటు తీసుకున్నాడు. గది చుట్టూ గోడ వెంబడి ఒక తీగ తిప్పాలి. యాంప్లిఫయర్ నుంచి వచ్చే శబ్ద సంకేతాన్ని అందులోకి పంపాలి. తీగ చుట్టూ పుట్టే అయస్కాంత క్షేత్రం మాటతోపాటే హెచ్చుతగ్గులవుతుంది. వినేవారి యంత్రంలో ఉన్న చిన్న తీగచుట్ట దాన్ని పట్టుకుని మళ్లీ మాటగా మారుస్తుంది. తీగ గోడకే ఉంటుంది తప్ప మనిషికి ఉండదు. మరుసటి ఏడాదే ఆ తీగచుట్టతో మల్టీటోన్ వినికిడి యంత్రం బజారుకొచ్చింది. తర్వాతి దశాబ్దాల్లో బ్రిటన్‌లో, ఉత్తర యూరప్ దేశాల్లో వినికిడి తగ్గిన వృద్ధుల ఇళ్లలో హాలు చుట్టూ ఇలాంటి తీగ పరిచి దాన్ని టీవీకి కలిపేవారు. యంత్రం మీద ‘టి’ అక్షరం దగ్గరికి మీట జరిపితే చాలు, గదిలోని గోల ఆగిపోయి టీవీ మాట ఒక్కటే వినిపించేది. ఒక్క ఇబ్బంది ఉంది. అయస్కాంత క్షేత్రం గోడలను లెక్కచెయ్యదు. పై అంతస్తులోనూ అలాంటి యంత్రం పెట్టుకున్నవారుంటే కింది ఇంటి కార్యక్రమం వాళ్లకూ వినిపించేది.

గోడ దాటని వాహకం ఒకటుంది. అది వెలుతురు.

వెలుతురు మీద మాటను పంపే పని 1880లోనే జరిగింది. టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహంబెల్, సహాయకుడు చార్లెస్ సమ్నర్ టేంటర్ కలిసి ఫోటోఫోన్ తయారుచేశారు. టేంటర్ వాషింగ్టన్‌లోని ఫ్రాంక్లిన్ స్కూలు డాబా మీద నిలబడి, పలచటి అద్దం వెనక మాట్లాడాడు. మాటకు అద్దం కంపిస్తే, దాని మీద పడి మెరిసే ఎండ కూడా అదే తీరున హెచ్చుతగ్గులైంది. 213 మీటర్ల దూరంలో, తన ప్రయోగశాలలో సెలీనియం గ్రాహకం దగ్గర కూర్చున్న బెల్ దాన్ని టెలిఫోన్ గొట్టంలో విన్నాడు. వినిపిస్తే కిటికీ దగ్గరికి వచ్చి టోపీ ఊపమన్నది టేంటర్ పంపిన మాట. బెల్ ఊపాడు. బెల్ తల్లికి వినికిడి తక్కువ. భార్య మేబుల్‌కు చిన్ననాటి జ్వరంతో చెవులు పూర్తిగా పోయాయి. ఆయన వృత్తిరీత్యా బధిరుల బడి పంతులు. టెలిఫోన్ కంటే ఫోటోఫోనే తన గొప్ప ఆవిష్కరణ అని ఆయన నమ్మాడు. మబ్బు పడితే మూగబోయే యంత్రాన్ని లోకం పట్టించుకోలేదు.

టీవీకీ వెలుతురుకీ మొదటి చుట్టరికం కలిపింది షికాగోలోని జెనిత్ కంపెనీ. వాణిజ్య ప్రకటనలంటే కిట్టని దాని అధిపతి యూజీన్ మెక్‌డొనాల్డ్, వాటి నోరు నొక్కే సాధనం కావాలన్నాడు. 1950లో తీగ ఉన్న రిమోట్ వచ్చింది. ఆ తీగ కాళ్లకు అడ్డం పడి జనం తూలిపోయారు. 1955లో యూజీన్ పాలీ తెర నాలుగు మూలలా వెలుతురును గుర్తించే కళ్లు అమర్చి, పిస్తోలు ఆకారంలో ఒక టార్చి చేతికిచ్చాడు. ఒక మూల మీద వెలుగు పడితే సౌండు ఆగిపోతుంది. అయితే సాయంత్రపు ఎండ తెర మీద పడినా చానల్ మారిపోయేది. మరుసటి ఏడాదే రాబర్ట్ ఆడ్లర్ తయారుచేసిన అల్ట్రాసోనిక్ రిమోట్ దాని స్థానంలోకి వచ్చింది.

బెల్ అనుకున్నది మన హాల్లోకి రావడానికి దాదాపు వందేళ్లు పట్టింది. కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కాంతిని చవగ్గా వెలిగించే ఎల్‌ఈడీలు వచ్చాక, 1970ల మధ్యలో జర్మనీలో హానోవర్ దగ్గరి సెన్‌హైజర్ కంపెనీ ఆ కాంతి మీద శబ్దాన్ని పంపే హెడ్‌ఫోన్లను తెచ్చింది. టీవీ పక్కన పెట్టే ట్రాన్స్‌మిటర్‌లో వరసగా ఎల్‌ఈడీలుంటాయి. మామూలు కంటికి ఏమీ తెలియదు. చాలా ఫోన్ల కెమెరాలోంచి చూస్తే మాత్రం ఊదా రంగులో వెలుగుతూ కనిపిస్తాయి. ఆ వెలుగు సెకనుకు లక్షలసార్లు మినుకుమంటూ, ఆ మినుకు వేగంలోని స్వల్ప తేడాలతో మాటను మోస్తుంది. స్టీరియోకు 2.3, 2.8 మెగాహెర్ట్జ్ అనే రెండు పౌనఃపున్యాలు స్థిరపడ్డాయి, ఎడమ చెవికొకటి, కుడి చెవికొకటి. గడ్డం కింద వేలాడుతూ రెండు చెవుల్లోకీ గొట్టాల్లా వెళ్లే తేలికపాటి రకం వృద్ధులకు బాగా నప్పింది. గోడ దాటదు కాబట్టి మాట బయటికి పొక్కకూడని సమావేశ మందిరాలకూ ఇదే నచ్చింది. ఎండ పడినా, ఎవరైనా ఎదురుగా నిలబడినా బుసబుసమనే శబ్దం తప్పేది కాదు. వంటింట్లోకి వెళితే ఆగిపోయేది.

అలా ఆగిపోకుండా ఉండాలనే రేడియో తరంగాల రకం వచ్చింది. దీనికి సంబంధించి మనవాళ్లు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. అమెరికాలో 902 నుంచి 928 మెగాహెర్ట్జ్ వరకు లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు కాబట్టి, అక్కడి రేడియో హెడ్‌ఫోన్లు చాలావరకు ఆ పరిధిలో పనిచేసేవి. మన దేశంలో అందులో కొంత భాగం మొబైల్ ఫోన్లది. డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో వచ్చేటప్పుడు పిల్లలు అమ్మానాన్నలకు ప్రేమగా తెచ్చే సెట్టు ఇక్కడ వాడదగినదేనా అన్నది పెట్టె మీది ఫ్రీక్వెన్సీ చూసి తేల్చుకోవాలి. 2.4 గిగాహెర్ట్జ్ అని ఉంటే చింత లేదు. ఆ పరిధిని భారత ప్రభుత్వం 2005లో లైసెన్సు నుంచి మినహాయించింది.

బ్లూటూత్ ఉండేదీ అక్కడే. 1994లో స్వీడన్‌లోని లుండ్‌లో, ఎరిక్సన్ కంపెనీలో యాప్ హార్ట్‌సెన్ ఈ పని మొదలుపెట్టినప్పుడు టీవీ ఎవరి ఊహలోనూ లేదు. స్టీరియో సంగీతాన్ని పంపే పద్ధతి 2003లో ఖరారైంది. పాట వినేవాడికి అది హాయిగా ఉంది. టీవీ చూసేవాడికే చిక్కొచ్చింది. శబ్దాన్ని కుదించి, పొట్లాలుగా కట్టి, పంపి, అవతల విప్పి వినిపించేసరికి మామూలు పద్ధతిలో 200 మిల్లీసెకన్ల దాకా ఆలస్యమవుతుంది. చాకిరేవులో ఏటికి అవతలి ఒడ్డున చీర బండను తాకిన తర్వాత ఎప్పటికో దెబ్బ వినిపించినట్టు, తెర మీద పెదవులు ఆగాక మాట వస్తుంది. లెక్క వేస్తే 200 మిల్లీసెకన్లలో ధ్వని దాదాపు 69 మీటర్లు ప్రయాణిస్తుంది. అంటే మనిషి కూర్చున్నది హాల్లోనే అయినా, అతని చెవులు వీధి చివర ఉన్నట్టే లెక్క.

ఎంత ఆలస్యాన్ని మనిషి పసిగడతాడో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం 1998 నాటి సిఫార్సులో చెప్పింది. శబ్దం బొమ్మ కంటే 45 మిల్లీసెకన్లు ముందొస్తే చాలు, తెలిసిపోతుంది. వెనకబడితే మాత్రం 125 దాకా తెలియదు. ప్రకృతిలో శబ్దం ఎప్పుడూ చూపు వెనకే వస్తుంది కాబట్టి మెదడు ఆ వైపు కాస్త ఓర్చుకుంటుంది. ఇది చిన్న విషయమనిపించవచ్చు. కానీ చెవి మందగించినవాళ్లు తమకు తెలియకుండానే పెదవులు చూసి సగం మాట పోల్చుకుంటారు. పెదవికీ మాటకూ పొంతన తప్పితే అందరికంటే ఎక్కువ నష్టపోయేది వాళ్లే. టీవీలోనే ఉన్న బ్లూటూత్‌తో కలిపితే, బొమ్మను కూడా కాస్త ఆపి ఆ తేడాను సరిచేసే వీలు టీవీకి ఉంటుంది. బయటి ట్రాన్స్‌మిటర్ పెడితే దాని ఆలస్యం సంగతి టీవీకి తెలియదు. అందుకని ఆలస్యాన్ని 40 మిల్లీసెకన్లకు దించే ఆప్ట్‌ఎక్స్ లో లేటెన్సీ వంటి పద్ధతులు పుట్టాయి. ట్రాన్స్‌మిటర్‌లోనూ హెడ్‌ఫోన్‌లోనూ రెండింట్లోనూ ఆ సదుపాయం ఉంటేనే ఫలితం. ఒకదాంట్లో ఉంటే లాభం లేదు. ట్రాన్స్‌మిటర్, హెడ్‌ఫోన్ జతగా అమ్మే సెట్లు ఇప్పటికీ అమ్ముడుపోవడానికి ఇదే ముఖ్య కారణం.

అసలు సౌండు పెంచితే సరిపోదా అన్న ప్రశ్న చాలా ఇళ్లలో వినిపిస్తుంది. సరిపోదు. వయసుతో ముందు తగ్గేది హెచ్చు పౌనఃపున్యాల వినికిడి. అచ్చులు బాగానే వినిపిస్తాయి. స, త, ప, క వంటి హల్లులు జారిపోతాయి. పాలు అన్నారో కాలు అన్నారో తేలదు. సౌండు పెంచితే వెనక వాయించే సంగీతం కూడా పెరుగుతుంది. దానికి తోడు ఫ్యాను చప్పుడు, కుక్కరు విజిల్, గోడల నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వని. పలచబడిన టీవీల్లో స్పీకరు కిందికో వెనక్కో తిరిగి ఉంటుంది. హెడ్‌ఫోన్ చేసే మేలు సౌండు పెంచడంలో కంటే, గదిని మధ్యలోంచి తప్పించడంలో ఉంది. చెవికీ మాటకూ మధ్య ఫ్యానూ ఉండదు, గోడా ఉండదు. వినికిడి లోపానికి చికిత్సో సహాయమో అవసరమైనవారు ప్రపంచంలో 43 కోట్ల మందికి పైనే ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో లెక్క చెప్పింది.

తీరా ట్రాన్స్‌మిటర్ కొన్నాక ఇళ్లలో ఎదురయ్యే అడ్డంకి చాలాసార్లు టీవీ వెనకే ఉంటుంది. కొత్త టీవీల్లో కొన్నింటికి హెడ్‌ఫోన్ జాక్ లేదు. ఎర్రటి వెలుగు కనిపించే చిన్న చదరపు రంధ్రం మాత్రం ఉంటుంది. జపాన్ కంపెనీ తోషిబా 1983లో తెచ్చిన ఆప్టికల్ పద్ధతి అది. అక్కడ తీగ పెట్టినా ఏమీ వినిపించకపోతే ట్రాన్స్‌మిటర్ పాడైందనుకుని దుకాణానికి తిప్పి పంపేవాళ్లున్నారు. టీవీ సౌండు సెట్టింగుల్లో డిజిటల్ అవుట్‌పుట్‌ను డాల్బీ నుంచి పీసీఎంకు మారిస్తే చాలావరకు అప్పటికప్పుడే పలుకుతుంది. ఆప్టికల్ దారికి ఇంకో మేలుంది. చాలా టీవీల్లో జాక్‌లో పిన్ను గుచ్చినా, సొంత బ్లూటూత్ కలిపినా స్పీకరు ఆగిపోతుంది. అప్పుడు నాన్నమ్మ ఒక్కతే వింటుంది, మిగతావాళ్లు మూగ బొమ్మ చూడాలి. ఆప్టికల్‌లో స్పీకరునూ కొనసాగించే వీలున్న టీవీలు ఎక్కువ. ఆమె సౌండు ఆమెది, ఇంటి సౌండు ఇంటిది. అందరూ కలిసి ఒకే సీరియల్ చూడగలగడం చాలా పెద్ద విషయం. వినిపించక ముందు గదిలోంచి లేచి వెళ్లిపోయిన పెద్దలున్న ప్రతి ఇంటికీ దాని విలువ తెలుసు.

బ్లూటూత్ సంఘం 2020లో ప్రకటించిన కొత్త పద్ధతిలో భాగంగా 2022లో ఆరాకాస్ట్ అన్న పేరు బయటికొచ్చింది. ఇందులో జత కలపడం ఉండదు. ట్రాన్స్‌మిటర్ చిన్న రేడియో స్టేషన్‌లా ప్రసారం చేస్తుంది, దాని పరిధిలో ఎంతమందైనా ఎవరి హెడ్‌ఫోన్‌లో వాళ్లు అందుకోవచ్చు. వినికిడి యంత్రాలు కూడా నేరుగా అందుకునేలా మొదటి నుంచే ఆలోచించి చేసిన పద్ధతి ఇది. 2023 నుంచి కొన్ని టీవీల్లో వస్తోంది. పాత టీవీకి తగిలించుకునే ట్రాన్స్‌మిటర్లూ దొరుకుతున్నాయి. చాలా వినికిడి యంత్రాల కంపెనీలు ఇంతవరకు టీవీ కోసం విడిగా ఒక పెట్టె అమ్ముతున్నాయి. అది తమ యంత్రంతో తప్ప వేరేదానితో పలకదు. అందువల్ల కొత్తగా వినికిడి యంత్రం తీసుకోబోయే పెద్దల వెంట ఆడియాలజిస్టు దగ్గరికి వెళ్లే పిల్లలు ధర ఒక్కటే కాకుండా, అందులో ఆరాకాస్ట్ ఉందా, పోలియాకాఫ్ నాటి తీగచుట్ట ఉందా అని కూడా అడిగి రావాలి.