తుపాకి గొట్టపు కొలతయు మన కమ్మరుల విద్యయు



రామగుండము, గోదావరిఖని ప్రాంతముల సింగరేణి గనుల వర్క్‌షాపులలో నేడు మనవారనేకులు పనిచేయుచున్నారు. అంగుళములో వెయ్యవవంతును కొలిచెడి సాధనములు వారి చేతులలో నున్నవి. పూర్వులు మాత్రము తుపాకి గొట్టపు కొలతను గుండు తూకమునుబట్టియే చెప్పుచుండిరి. ఇది మోటుపద్ధతియని నవ్వుకొనువారికొఱకే యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

నోటినుండి మందును గుండును కూరెడి తుపాకిని మన పల్లెలలో భర్మారందురు. ఇంగ్లీషువారును తూకమునే యాశ్రయించిరి. పౌను సీసమునకు పండ్రెండు గుండ్లు వచ్చినచో నది 12 బోరు. వ్యాసము ఇంచుమించు 0.73 అంగుళము. మన తులము 180 గ్రెయినులు. లెక్కవేసి చూడగా తులమెత్తు సీసపుగుండునకు దాదాపు అర అంగుళమును, రెండు తులముల గుండునకు 0.62 అంగుళమును వచ్చుచున్నవి. అనగా బరువు రెండింతలు కావలెనన్న వ్యాసమును నాల్గవవంతు పెంచిన చాలును!

ఏ కొలత నెన్నుకొనవలెను? వ్యాసము రెండింతలైన గుండు ఎనిమిదింతలు బరువెక్కును. గాలి కెదురు నిలుచు ముఖము నాలుగింతలే యగును. కావున పెద్దగుండు దూరమున బలమును నిలుపుకొనును. పందికిని పెద్దమెకమునకును అదియే తగును. కాని 80 తులముల సేరు సీసమునకు అరతులపు గుండ్లు 160 రాగా, రెండు తులములవి 40 మాత్రమే. మందెక్కువ, భుజమునకు తాకిడి యెక్కువ, గొట్టము దళసరి. పేదరైతున కిది భారమే. లోపల మర చెక్కిన గొట్టమైనచో మఱియొక చిక్కు: ఉండగుండునకు మర మెల్లగా తిరుగవలెను, పొడుగు గుండునకు వడిగా తిరుగవలెను. కొలతతోపాటు మరనుగూడ నిర్ణయింపవలసి యుండెను.

ఇచట నొక యప్రియమైన మాట. కోనసముద్రపు ఉక్కుతోనే మన తుపాకులు చేయబడెనని సభలలో వినుచున్నాము. ఆ యుక్కును కొనుటకు పారసీక వర్తకు లచ్చటికి వచ్చుచుండిరని వాయిసీ దొర వ్రాసినది 1832లో ప్రకటింపబడినది. అది నిజమైన కీర్తియే. కాని యది ముఖ్యముగా ఖడ్గముల యుక్కు. గొట్టమునకు సాగెడి మెత్తని యినుమును చుట్టి, కాచి యతుకుట సామాన్య పద్ధతి. బిరుసుక్కును అట్లతుకుట మిక్కిలి కష్టము. 1795 ప్రాంతమున హైదరాబాదులో రేమాన్ స్థాపించిన ఫిరంగుల కార్ఖానా పేరు గన్‌ఫౌండ్రీగా నేటికిని నిలిచినది. పల్లె కొలిమిలో గొట్టము నతికినవాని పేరు ఏ కాగితమునను లేదు.

అతని విద్యకు మిగిలిన సాక్ష్యము గుండ్లుపోసెడి అచ్చు. అచ్చు లోపలి వ్యాసము తెలిసిన గుండు తూకము తెలియును. తూకము తెలిసిన నా తుపాకి యెందులకో యూహింపవచ్చును. ఈ యచ్చులు పాతయినుము క్రింద అమ్ముడువోవుచున్నవి. తుపాకికి లైసెన్సు విధిగా కావలెను గాన దాని నెవ్వరును తేవలదు. అచ్చు ఇంట నున్నవారు దాని కొలతను, ఊరిపేరును కార్యదర్శికి వ్రాసి పంపవలెనని కోరుచున్నాము.