మధ్యలో గుచ్చితే కదలదు

శాన్‌ఫ్రాన్సిస్కో రేవులో పియర్ 15. నీళ్ల మీదికి చొచ్చుకుపోయిన ఆ పొడవాటి షెడ్డే ఎక్స్‌ప్లొరటోరియం మ్యూజియం. లోపల టింకరింగ్ స్టూడియోలో పాపను పక్కన పెట్టుకుని కూర్చున్నారు మీరు. బల్ల మీద పరిచిన కాగితం నిండా మీకంటే ముందొచ్చినవాళ్ల గీతలు, సున్నాలు, చుక్కలు. దాన్ని మార్చకపోవడం బద్ధకం కాదు. ఇక్కడేం చెయ్యొచ్చో ఆ గీతలే చెబుతాయి.

ట్రేలో చిన్న మోటారు, 1.5 వోల్టుల పెన్సిల్ సెల్లు, స్కెచ్ పెన్నులు, ఖాళీ పెరుగు డబ్బా, జిగురు కడ్డీ ముక్క, టేపు. ముందు ఇది, తర్వాత అది అని రాసిన కాగితం మాత్రం లేదు.

పాప డబ్బాకు పెన్నుల్ని కాళ్లలా అతికించింది, పైన మోటారును టేపుతో అంటించింది. జిగురు ముక్కను మోటారు ఇరుసుకు సరిగ్గా నడిమధ్యన గుచ్చింది. తీగలు కలిపింది. మోటారు గిర్రున తిరుగుతోంది, డబ్బా మాత్రం కదలదు.

"ఇటివ్వమ్మా, నేను పెడతా."

"ఉండు నాన్నా!"

మీ చెయ్యి సాగేలోపే అక్కడి సహాయకురాలు మీ ముందు ఇంకో మోటారు పెట్టింది. "మీరూ ఒకటి చెయ్యండి." మీ చేతులకు పని దొరికింది, పాప పని పాపకే మిగిలింది. "బరువు ఇంకోచోట ఉంటే ఏమవుతుందో?" అని పాపను అడిగి, జవాబు కోసం ఆగకుండా పక్క బల్లకు వెళ్లిపోయింది.

పాప ముక్కను పీకి ఈసారి ఓ చివర గుచ్చింది. బరువంతా ఒక పక్కకే పడింది. తిరిగిన ప్రతిసారీ అది డబ్బాను తనవైపు లాగుతోంది. కాళ్లు టకటకలాడాయి. నీలం చుక్కలు, ఎర్ర చుట్లు. పాత సెల్‌ఫోన్లు జేబులో వణికింది కూడా ఇలాంటి ఒంటిపక్క బరువుతోనే. ఎదురు బల్ల కుర్రాడు మెడ సాచి చూసి, తన ముక్కను పీకేశాడు. ఒకరి పని ఒకరికి కనబడేలా బల్లలు వేసింది అందుకే.

1969లో ఈ మ్యూజియాన్ని మొదలుపెట్టిన భౌతిక శాస్త్రవేత్త ఫ్రాంక్ ఒపెన్‌హైమర్, అణుబాంబు తయారీతో పేరు మోసిన రాబర్ట్ ఒపెన్‌హైమర్‌కు తమ్ముడు. ఉద్యోగం పోయిన రోజుల్లో కొలరాడోలో పశువులు పెంచాడు, హైస్కూల్లో పాఠాలు చెప్పాడు. ఆ తర్వాత చెయ్యి పెట్టి చూడమనే ఈ మ్యూజియం కట్టాడు.

మీ డబ్బా మళ్లీ పక్కకు ఒరిగిపోయింది. పాప చెయ్యి చాచింది.

"ఇటివ్వు నాన్నా, నేను పెడతా."

"ఉండమ్మా!"