ఇంజను ఊపిరి: అమెరికాలో గాలిగొట్టముల చరిత్ర

మోటారు ఇంజనులో మండునది పెట్రోలే యైనను, దాని శక్తికి హద్దు నిర్ణయించునది గాలి. ఒక పాలు పెట్రోలు సంపూర్ణముగా దహనమగుటకు తూకమున రమారమి పదునాలుగున్నర పాళ్ల గాలి వలయును. పెట్రోలును కావలసినంత పోయవచ్చును గాని, పిస్టను క్రిందికి దిగు ఆ లిప్తకాలములో సిలిండరును నిండించునంత గాలిని రప్పించుట సులభసాధ్యము కాదు. అమెరికాలో ఈ కార్యమునకు పూనుకొన్నవారిలో మహాకర్మాగారముల శాస్త్రజ్ఞులకంటె ముందు, చేతులకు గ్రీజు అంటిన పేద యువకులు పేర్కొనదగినవారు.

1932లో హెన్రీ ఫోర్డు సామాన్యులు కొనదగిన వెలకు వి-8 ఇంజను గల కారును విడుదల చేసెను. 221 ఘనపుటంగుళముల ఆ ఇంజను తొలుత 65 అశ్వశక్తిని ఇచ్చెడిది. మరుసటి యేట అది 75 అయ్యెను. 1934లో గాలిలో పెట్రోలు కలుపు కార్బురేటరును రెండు నోళ్లదానిగా మార్చి, ఆ గాలిని సిలిండర్లకు పంచు గొట్టముల కూర్పగు మానిఫోల్డును దానికి తగినట్లు క్రొత్తగా అమర్చగా 85కు పెరిగెను. ఇంజను గర్భమును పెద్దది చేయకయే, గాలి వచ్చు త్రోవను సవరించినంతమాత్రమున బలము పెరుగునని ఇందువలన స్పష్టమయ్యెను. దక్షిణ కాలిఫోర్నియా కుర్రవాండ్రు పాత ఫోర్డులను చౌకగా కొని, మడ్గార్డులు ఊడదీసి, మొహావీ ఎడారిలోని మ్యూరాక్ ఎండుచెరువు మీద పరుగెత్తించి చూచుకొనిరి. వారి సంఘములు కొన్ని కలసి 1937లో సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్‌గా ఏర్పడెను.

వారిలో విక్ ఎడెల్‌బ్రాక్ అను నతడు కాన్సాస్ రాష్ట్రమునుండి లాస్ ఏంజెలెస్‌కు వలస వచ్చి మరమ్మతుల దుకాణము నడుపుకొనుచుండినవాడు. 1938లో ఒక 1932 ఫోర్డును కొని, దానికి అప్పటికే దొరకుచుండిన థిక్‌స్టన్ మానిఫోల్డును తగిలించి, దానితో తృప్తి చెందక, రెండు స్ట్రామ్‌బర్గ్ కార్బురేటర్లను మోయు మానిఫోల్డును తానే రూపొందించి పోత పోయించెను. ‘స్లింగ్‌షాట్’ అని పేరొందిన ఆ పరికరము అమ్ముడైనది సుమారు నూరే యైనను, మోటారు విడిభాగముల పరిశ్రమలో ఒక ప్రసిద్ధ సంస్థకు అదియే బీజమయ్యెను. వ్యాపారము కొరకు గాక తన బండి కొరకు చేసికొన్న వస్తువగుటచేతనే దానికి ఆ మన్నిక అబ్బినదని నా అభిప్రాయము.

యుద్ధానంతరము ఈ విద్య బాగుగా వ్యాపించెను. 1948 జనవరిలో ఇట్టి సవరించిన బండ్లను గూర్చిన హాట్ రాడ్ పత్రిక వెలువడెను. కార్బురేటర్లు రెండు మూడయ్యెను, మూడు ఆరయ్యెను. కాని వెడల్పైన గొట్టములో ఇంజను మెల్లగా తిరుగునప్పుడు గాలి మందగించును. పెట్రోలు తుంపరలు దానితో కలియక గోడలకు అంటుకొనును. చౌరస్తాలో ఆగిన బండి మరల కదలుటకు మొరాయించును. చెరువు మీద ప్రశంస పొందిన ఇంజను వీధిలో యజమానిని విసిగించుట ఇందువలననే. కాగితము మీది అశ్వశక్తి వేరు, మన మెకానిక్కులు ‘పికప్’ అని చెప్పు గుణము వేరు.

ఈ భేదమును క్రైస్లర్ సంస్థ ఇంజనీర్లు గ్రహించినంత నిశితముగా ఆ కాలమున అమెరికాలో మరెవ్వరును గ్రహింపలేదనవచ్చును. వారి ఉపాయమిది: గాలి లోనికి వచ్చు వాల్వు మూసికొనగనే, వేగముగా వచ్చుచున్న గాలి దానికి కొట్టుకొని పీడనతరంగముగా వెనుకకు మరలును. గొట్టము మొదటివరకు పోయి ప్రతిఫలించి తిరిగి వచ్చును. వాల్వు మరల తెరచుకొను క్షణమునకు సరిగా వచ్చినచో, గాలిని సిలిండరులోనికి అదనముగా త్రోయును. వేణువు పొడవునుబట్టి స్వరము మారునట్లు, గొట్టము పొడవునుబట్టి ఈ సహాయము లభించు వేగము మారును: పొడుగైనది మందగతికి, పొట్టిది శీఘ్రగతికి.

1960 నాటి క్రైస్లర్ 300ఎఫ్ కారులో 413 ఘనపుటంగుళముల ఇంజనుకు ఇరుప్రక్కల నాలుగేసి నోళ్ల కార్బురేటరు నొక్కొక్కదానిని దూరముగా నిలిపి, ఎడమదానినుండి కుడివరుస సిలిండర్లకును, కుడిదానినుండి ఎడమవరుసకును 30 అంగుళముల గొట్టములు సాగదీసిరి. హుడ్ ఎత్తి చూచినవారికి ఇంజనుకంటె గొట్టములే ముందు కనబడెడివి. దీని బలము 375 అశ్వశక్తి. ఇరుసును త్రిప్పు బలమగు టార్క్ నిమిషమునకు 2800 చుట్లవద్దనే 495 పౌండు-అడుగులు. పందెముల కొరకు చేసిన మరియొక రకములో, వెలుపలి ఆకారము మార్చక, లోపలి అడ్డుగోడలను కొంతవరకు తొలగించి, తరంగమునకు 15 అంగుళముల దూరమే మిగిల్చిరి. అప్పుడు అశ్వశక్తి 400కు ఎక్కెను. టార్క్ 465కు దిగి, 3600 చుట్లవద్దగాని లభింపదయ్యెను. పందెములో రెండవది గెలిచినను, కుటుంబముతో కొండదారిలో పోవువానికి మొదటిదే మేలు. ఆ నిడుపుగొట్టములను నేను వట్టి ఆడంబరమని ఎన్నడును అనుకొనను.

ఒకే ఇంజనుకు ఈ రెండు గుణములను చేకూర్చుట 1989 ఫోర్డ్ టారస్ ఎస్‌హెచ్‌ఓ కారులో చూడవచ్చును. జపానులో యమహా నిర్మించి ఇచ్చిన ఆ మూడు లీటర్ల ఇంజనులో ఆరు సిలిండర్లకు పండ్రెండు గొట్టములు ఉండెను. మెల్లగా పోవునప్పుడు నిడుపైనవి మాత్రమే పనిచేయగా, సుమారు 4000 చుట్లవద్ద మూతలు తెరచుకొని పొట్టివి తోడయ్యెడివి. 220 అశ్వశక్తి గల ఆ బండిని పట్టణములో నిత్యము నడుపుకొనవచ్చునట్లు కంపెనీయే సిద్ధము చేసి అమ్మెను.